హీటరు బాగయ్యేదాకా

మా కారులో పక్క సీటు వైపు కాళ్ళ దగ్గర వేడి రాదన్న సంగతి ఇరవై ఏళ్ళుగా ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకోవలసిన అవసరమూ రాలేదు. కారు అత్తయ్యది. పూల దుకాణం నడిపినన్నాళ్ళూ డ్రైవరు సీట్లో ఆమే కూర్చునేది. పక్క సీటు ముందర, కాళ్ళు పెట్టుకునే చోట, పూల బకెట్లు ఉండేవి. చలేస్తోందని బకెట్లు నోరు తెరిచి చెప్పవు కదా.

ఆ చలికాలం అత్తయ్య మొదటిసారి పక్క సీట్లోకి మారింది. ఆమెకు కిడ్నీలు రెండూ చేతులెత్తేశాయి. వారానికి మూడు రోజులు డయాలసిస్. పొద్దున ఏడింటికి మిషనుకు కలిపితే పదకొండింటికి విడిపిస్తారు. మా ఆయన రైలు డ్రైవరు. రోజూ వేలమందిని గమ్యం చేర్చే మనిషికి కన్నతల్లిని ఆసుపత్రికి చేర్చే తీరిక మాత్రం దొరకదు. మామయ్య ముప్పై ఏళ్ళు కార్ల మెకానిక్కుగా చేసినవారే, కానీ కళ్ళు మసకబారి రెండేళ్ళ కిందటే లైసెన్సు వదులుకున్నారు. ఇక మిగిలింది నేను. నాకు డ్యూటీ మధ్యాహ్నం ఒంటిగంట నుంచి, చెప్పుల షాపులో.

పదకొండేళ్ళుగా ఆ షాపులో పనిచేయడం వల్ల నాకో అలవాటు పట్టుకుంది. మనుషుల్ని పాదాల నుంచి పైకి చూస్తాను. ఎదుటివాళ్ళ మొహం అబద్ధం చెప్పొచ్చు గానీ పాదం చెప్పదు. డయాలసిస్ అయ్యాక అత్తయ్యకు బూట్లు తొడగడానికి వంగిన మొదటి రోజే నాకు భయమేసింది. ఒంట్లో రక్తమంతా బయట గొట్టాల్లో తిరిగి వస్తుందేమో, పాదాలు రెండూ అప్పుడే కుళాయి కింద కడిగిన గిన్నెల్లా చల్లగా ఉన్నాయి. కారెక్కాక నా కాళ్ళకు వెచ్చగా వేడి తగిలేది, బూట్లలో వేళ్ళకు చెమట కూడా పట్టేది. పక్కనే ఆమె వణికేది. వెనక సీటుకు మారుద్దామంటే ఆ పాత బండిలో వెనక్కి వేడి గొట్టాలే లేవు. ఇంటికి అరగంట దారి. ఆ అరగంటా నాకు తప్పు చేసినట్టుండేది.

మూడో వారం, అద్దం మీది మంచును గీకి గీకి నా చేతులు కొంకర్లు పోయిన ఒక రోజు, ఇంటికొచ్చి వంటగదిలో కూర్చున్నాక అత్తయ్య అంది:

"ఎల్లుండి నుంచి నేను రాను."

రేపటికి గులాబీలు వద్దు, చామంతులు చాలు అని దుకాణంలో చెప్పేది చూడండి, అలా చెప్పింది. మామయ్య టీ గ్లాసు కింద పెట్టారు.

"డాక్టరుగారు చెప్పింది విన్నావా నువ్వు?"

"విన్నాను. మానేస్తే రెండు వారాలు, మహా అయితే మూడు. నాకు చెడింది కిడ్నీలు, చెవులు కాదు."

"మరెందుకు మానేయడం?"

"కాళ్ళు," అంది అత్తయ్య. "సూదులు ఓర్చుకుంటున్నాను. నాలుగు గంటలు కదలకుండా పడుకోవడం ఓర్చుకుంటున్నాను. వచ్చేటప్పుడు ఆ కారులో మాత్రం కాళ్ళు నావి కాకుండా పోతున్నాయి. సాయంత్రానికి గాని తిరిగి రావు. అవి వచ్చి ఒక్క రోజు తిరిగేసరికి మళ్ళీ వెళ్ళాలి. ఇంక చాలు నాకు."

చాలన్నది కాళ్ళ గురించి కాదని నాకు అర్థమైంది. మనిషి అలిసిపోయింది. బయటికి చెప్పుకోవడానికి వీలైన కారణం కాళ్ళు, అంతే. మామయ్యకు అది అర్థం కాలేదో, అర్థమై కూడా పక్కన పెట్టారో అప్పుడు నాకు తెలియలేదు. ఆయన లేచి నిలబడ్డారు.

"హీటరు నేను బాగుచేస్తాను."

"మీరు పానా పట్టుకుని రెండేళ్ళయింది మేస్త్రీగారూ."

అత్తయ్య ఆయన్ని మేస్త్రీగారూ అనే పిలుస్తుంది. ఆయన ఆమెను ఓనరమ్మ అంటారు. వాళ్ళ పరిచయం గ్యారేజీలోనే, కారు బాగుచేయించుకోవడానికి వచ్చిన ఓనరు ఆమె, చేసిన మేస్త్రీ ఆయన. పెళ్ళయి కొడుకు పుట్టి వాడికి పెళ్ళయినా పిలుపులు మాత్రం మారలేదు.

"పట్టుకుంటాను," అన్నారు మామయ్య. "బాగుచేసేదాకా వెళ్ళు. బాగయ్యాక కూడా నీకు వద్దనిపిస్తే అప్పుడు నీ ఇష్టం. నేను ఒక్క మాట అనను."

అత్తయ్య ఆయన వైపు తిరిగింది.

"మాటేనా?"

"మాటే."

"సరే. హీటరు బాగయ్యేదాకా వస్తాను. ఆ తర్వాత నా ఇష్టం. అమ్మాయ్, నువ్వు సాక్షి."

సాక్షి సంతకం పెట్టినట్టు తల ఊపాను.

మర్నాడు పొద్దున్నే మామయ్య పాత ఖాకీ కోటు తొడుక్కుని షెడ్డులోకి వెళ్ళారు. రెండేళ్ళుగా ఆ మనిషి కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, రేడియోలో ఏం వస్తే అది వింటూ ఉండేవారు. కళ్ళు పోయాయి, ఇక నేనెందుకు పనికొస్తాను అని నోటితో అనేవారు కాదు గానీ, కూర్చున్న తీరులో అది కనిపించేది. ఇప్పుడు డ్యాష్‌బోర్డు కింద దూరి, కాళ్ళు మాత్రం బయటపెట్టి, చీకట్లో తడుముతూ పనిచేస్తున్నారు. ఆయన చేతులకే కళ్ళున్నాయి. ఏ మర ఏ సైజుదో వేలితో తాకి చెప్పగలరు.

గంట తర్వాత లోపలికొచ్చారు. జుట్టు నిండా దుమ్ము. టీ ఇస్తే చల్లారేదాకా పట్టుకుని కూర్చున్నారు.

"ఏమైంది మామయ్యా? దొరికిందా?"

ఆయన చెవి గోక్కున్నారు. "ఇది చిన్న పని కాదమ్మాయ్. ఎక్కడో లోపల ఉంది గొడవ. చలికాలమంతా పట్టేట్టుంది."

ఆ సాయంత్రం అటక మీది పాత టేబుల్ ల్యాంపు దింపి దాని వైరులోంచి రాగి తీగ కోసుకున్నారు. నేనేమీ అడగలేదు. మెకానిక్కు ఇంట్లో ఏ వస్తువుకూ ఆయుష్షు గట్టిది కాదు.

ఆ రాత్రి భోజనాలు కాకముందే ఇంకో వస్తువు కూడా తయారుచేశారు. దుకాణం నుంచి తెచ్చిన, పూల మొక్కలు పెట్టే చెక్కపెట్టె ఒకటి ఉంటే, దానికి లోపల పాత రగ్గు ముక్క దిగ్గొట్టి, మధ్యలో వేడినీళ్ళ సంచి పట్టేలా గూడు చేశారు. అత్తయ్య కాళ్ళు తన జానతో కొలుచుకుని మరీ చేశారు. "పని అయ్యేదాకా దీంతో సర్దుకో ఓనరమ్మా," అన్నారు. షాపులో నేను రోజుకు ముప్పై జతలు తొడుగుతాను, అంత కొలతగా ఏ జతా ఎవరికీ పట్టదు. పోయేటప్పుడు ఇంట్లోనే సంచి నింపుకునేవాళ్ళం. వచ్చేటప్పుడు ఆసుపత్రి క్యాంటీన్లో బతిమాలి నింపించుకునే పని నాది. సగం దారి దాకా వెచ్చగా ఉండేది. మిగతా సగం ఓర్చుకునేది.

తర్వాతి వారాలన్నీ హీటరు వారాలే. మొదట ఇంజనులో గాలి పట్టిందన్నారు. నీళ్ళన్నీ తీసేసి కొత్తవి పోశారు. వేడి రాలేదు. తర్వాత ఇంజను థర్మోస్టాట్ అన్నారు, అది విప్పి, ఊది, మార్చి బిగించారు. వేడి రాలేదు. ప్రతి రిపేరుకూ వారం పది రోజులు పట్టేది, ప్రతి రిపేరు చివరా ఒక పరీక్ష ఉండేది.

"ఓనరమ్మగారూ, కొంచెం వచ్చి కూర్చుంటారా?"

అత్తయ్య శాలువా కప్పుకుని, స్వెటరు మీద స్వెటరు వేసుకుని, షెడ్డులో నిలబెట్టిన కారులో కూర్చునేది. మామయ్య తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ఆమె కాళ్ళ పక్కన అరచెయ్యి పెట్టేవారు.

"వస్తోందా?"

"రావట్లేదు."

"ఇప్పుడు?"

"ఏదో వచ్చినట్టే ఉంది... లేదు, అది మీ ఊపిరి."

వంటగది కిటికీలోంచి నాకు అంతా కనిపించేది. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. ఇరవై నిమిషాల పరీక్ష గంట సాగేది. ఆయన కుర్చీ ఖాళీగా ఉండేది, రేడియో దానంతటది పాడుకునేది. సోమ, బుధ, శుక్ర వారాల్లో అత్తయ్య చెప్పిన మాట ప్రకారం, ఒక్క రోజు కూడా తప్పకుండా, కారెక్కేది.

నాకు మాత్రం ముక్కు మీదే ఉంటుంది కోపం. పని తెమలకపోతే ఊరుకోలేను. "మామయ్యా, ఒకసారి గ్యారేజీకి తీసుకెళ్తే..." అని మొదలుపెడితే చాలు, "నా ఇంటి బండి ఇంకొకడు ముట్టుకోవడమా?" అనేవారు. అన్నాక చెవి గోక్కునేవారు.

చలి బాగా ముదిరిన రోజుల్లో ఒక బుధవారం అత్తయ్యకు మిషను మీదే బీపీ పడిపోయింది. నర్సు పరుగెత్తుకొచ్చి మంచం కాళ్ళ వైపు ఎత్తింది. అరగంటకు తేరుకుంది గాని, తిరుగుదారిలో మనిషి సీట్లో ఒరిగిపోయి కూర్చుంది. క్యాంటీన్లో ఆ రోజు నీళ్ళు సరిగ్గా కాగలేదు, సంచి మధ్యదారిలోనే చల్లబడింది.

"ఈ హీటరు ఎప్పటికవుతుందో," అంది కళ్ళు మూసుకుని.

ఆ ఒక్క మాట నన్ను నిద్రపోనివ్వలేదు. శుక్రవారం ఆమెను మిషను దగ్గర దిగబెట్టి, కారు నేరుగా మామయ్య శిష్యుడి గ్యారేజీకి తిప్పాను. శిష్యుడంటే చిన్నవాడేం కాదు, యాభై దాటినవాడు, నలుగురు మెకానిక్కుల యజమాని. మామయ్య దగ్గరే పని నేర్చుకున్నాడు. మామయ్య మాట వస్తే ఇప్పటికీ నిలబడి మాట్లాడతాడు.

నేను చెప్పింది మొత్తం విని నొసలు చిట్లించాడు.

"ఏమన్నావమ్మా? గురువుగారు థర్మోస్టాట్ మార్చారా?"

"మార్చారు. అంతకుముందు నీళ్ళు మార్చారు. వచ్చే వారం ఫ్యాను మోటారంటున్నారు."

"నీ వైపు కాళ్ళకి వేడి వస్తోందా?"

"మంటలా వస్తోంది."

"మరి ఒక వైపు వస్తుంటే ఇంజను జోలికి పోవడమెందుకు? ఇంజను ఒకటే, ఫ్యానొకటే. ఇటు రాలేదంటే ఇటు గొట్టంలోనే ఏదో అడ్డం ఉన్నట్టు. ఇది నాకు నేర్పింది ఆయనే, చేరిన మొదటి వారంలో!"

అంటూనే టార్చి నోట కరుచుకుని పక్క సీటు వైపు డ్యాష్‌బోర్డు కిందికి దూరాడు. ఒక ప్లాస్టిక్ మూత ఊడదీశాడు. కటింగ్ ప్లేయరు అడిగి తీసుకున్నాడు. కటుక్కుమంది. పది నిమిషాలు కూడా పట్టలేదు, దుమ్ము కొట్టుకుపోయిన ఒక ఉన్ని మేజోడు నా చేతిలో పెట్టాడు. బూడిద రంగు, మడమ దగ్గర నీలం. చేత్తో అల్లినది.

కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఏమిటో ఆ రోజు చూశాను. ఇంజను స్టార్టు చేస్తే పక్క సీటు కింద వేడి గాలి ధారగా వచ్చింది.

"ఇది దానంతటది వెళ్ళి పడింది కాదమ్మా," అన్నాడు శిష్యుడు తీగ ముక్క చూపిస్తూ. "గొట్టం మూతికి కుక్కి, తీగతో కట్టారు. మూడు చుట్లు, కొస లోపలికి మడత. మళ్ళీ చెయ్యి పెట్టేవాడికి గుచ్చుకోకుండా. ఇలా కట్టేది లోకంలో ఒక్కరే." చెప్పి, తనేం చెప్పాడో తనకే తట్టినట్టు ఆగిపోయాడు.

నేను తీగ వంక చూస్తున్నాను. మేజోడు వెలిసిపోయి చీకిపోయి ఉంది, వయసు ఇరవై ఏళ్ళకు తక్కువ ఉండదు. తీగ మాత్రం తళతళలాడుతోంది. మా అటక మీది టేబుల్ ల్యాంపు వైరులోది.

అంటే మామయ్య మొదటి రోజే చూశారు. చూసి, తీసి, కొత్త తీగతో మళ్ళీ కట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది. కట్టుకున్న భార్య కాళ్ళు గడ్డకట్టి పోతుంటే నీళ్ళు మార్చాను, థర్మోస్టాట్ మార్చాను అని నాటకమా? మేజోడూ తీగ ముక్కా కోటు జేబులో వేసుకుని, శిష్యుడితో సరిగ్గా చెప్పిరాకుండానే బయల్దేరాను. అతను కారు కిటికీ దగ్గరికి వంగి, "గురువుగారికి ఏమని చెప్పమంటావమ్మా?" అన్నాడు. ఏమీ చెప్పొద్దన్నాను. "సరే, నేను ఇవాళ ఏ బండీ చూడలేదు," అన్నాడు.

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని ఆ కోపాన్ని ఇంకా రాజేసుకుంటూ ఉన్నాను. సాయంత్రం ఇంటికెళ్ళి మామయ్యను ఏమని కడిగెయ్యాలో ఒక్కో మాటా పేర్చుకుంటున్నాను. ఇన్నాళ్ళూ హీటరు బాగుచెయ్యకుండా... అనుకునేసరికి మాట అక్కడ ఆగిపోయింది. హీటరు బాగయ్యేదాకా వస్తాను, ఆ తర్వాత నా ఇష్టం. అమ్మాయ్, నువ్వు సాక్షి. నేను అన్నీ విన్నాను, తల కూడా ఊపాను. సాక్షి అయి ఉండి నేను మర్చిపోయిన మాటను ఆయన ఒక్క పూట కూడా మర్చిపోలేదు. కోపం ఎటు పోయిందో పోయింది. పదకొండు గంటలయ్యేదాకా మేజోడును ఒళ్ళో పెట్టుకుని దుమ్ము దులుపుతూ కూర్చున్నాను.

అత్తయ్యను కారెక్కించి పెట్టెలో కాళ్ళు పెట్టించాను. బయల్దేరాక రెండు వీధులు దాటేసరికి ఆమె కిందికి చూసింది. ఒక కాలు పెట్టెలోంచి బయటికి తీసింది. తర్వాత రెండోది. వంగి బూట్లు తానే విప్పుకుని, పాదాలు రెండూ గాలికి ఎదురుగా పెట్టింది. వేళ్ళు కదుపుతూ అడిగింది.

"ఎవరు తీశారు?"

ఎలా బాగైంది అని అడగలేదు. ఎవరు తీశారు అని అడిగింది. నేను కోటు జేబులోంచి మేజోడు తీసి ఆమె ఒళ్ళో పెట్టాను.

"అయితే మీకూ తెలుసా అత్తయ్యా?"

"నేనల్లిన మేజోడు నాకు తెలియదూ?" వేలితో నీలం మడమను రుద్దింది. "దుకాణం పెట్టిన మొదటి చలికాలం. మార్కెట్ నుంచి తెచ్చిన పూలు కొట్టు చేరేసరికి ఈ వేడికి కూరాకులా వాడిపోయేవి. ఈ గొట్టం మూసెయ్యండి బాబూ అని గోల పెట్టాను. తెల్లవారుజామున చేతికి ఏ గుడ్డ ముక్కా దొరక్క మీ మామయ్య కాలిది ఊడదీసి కుక్కారు. ఆ రోజంతా ఒక కాలికే మేజోడుతో పనిచేశారు. రెండోది నా బీరువాలో ఉంది."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"మొదట్లో నాకూ గుర్తులేదు. థర్మోస్టాట్ మార్చిన రోజు, వస్తోందా వస్తోందా అని అడుగుతూ మీ మామయ్య చెవి గోక్కున్నారు. పెళ్ళయినప్పటి నుంచీ చూస్తున్నాను, ఆయన అబద్ధమాడితే చెయ్యి చెవి మీదికి పోతుంది. ఈయన ఏం దాస్తున్నారా అని ఆలోచిస్తే అప్పుడు గుర్తొచ్చింది." అత్తయ్య నవ్వింది. "తను నన్ను మాయ చేస్తున్నాననుకుంటున్నారు పాపం."

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని ఊరికే అనలేదు. కానీ నాకు నవ్వు రాలేదు.

"కాళ్ళు ఇంత చల్లబడిపోతుంటే ఎలా ఊరుకున్నారు?"

"నేను ఆ రోజు మానేస్తానన్నది కాళ్ళ గురించి కాదు అమ్మాయ్."

"తెలుసు."

"ఆయనకీ తెలుసు. నన్ను ఎలా పట్టుకోవాలో తెలియక హీటరు పట్టుకున్నారు." ఒళ్ళోని మేజోడు మడత పెట్టింది. "ఇది బాగైపోయిందనుకో, ఆ పూట ఆయన నన్ను అడగాలి, ఉంటావా మానేస్తావా అని. అడగలేరు. అడిగితే నేను చెప్పలేను. బాగవకపోతే ఆ గొడవ లేదు. బుధవారం తర్వాత శుక్రవారం వస్తుంది, ఎక్కి వెళ్ళడమే."

నాకు ముందు రోడ్డు మసకగా కనిపించింది. కళ్ళు తుడుచుకున్నాను.

"ఇంకా ఎంత దూరం ఉంది?" అంది.

"పది నిమిషాలు."

"నెమ్మదిగా పోనీ."

పోనిచ్చాను. వెనక బళ్ళవాళ్ళు హారన్లు కొట్టి, తిట్టి, పక్కనుంచి దాటుకుని పోయారు. అత్తయ్య కళ్ళు మూసుకుని పాదాలు ఒకదాని మీద ఒకటి వేసుకుని, తీసుకుని, మళ్ళీ వేసుకుంటూ కూర్చుంది. వేళ్ళలో రంగు తిరిగి ఉంటుందని మేజోళ్ళ మీదినుంచే నేను చెప్పగలను. మా వీధి మలుపు రాగానే నా మోచేతి మీద చెయ్యి వేసింది.

"ఇక్కడ ఆపు. ఎక్కడిది అక్కడ పెట్టెయ్."

పట్టపగలు, నడిరోడ్డు పక్కన, నేను మోకాళ్ళ మీద కూర్చుని డ్యాష్‌బోర్డు కింద తల దూర్చాను. మేజోడు కుక్కడం సులువే, కట్టడమే చేతకాలేదు. ప్లేయరుతో కత్తిరించడం వల్ల తీగ పొట్టిదైపోయింది. పైనుంచి అత్తయ్య మేస్త్రీలా పురమాయిస్తోంది.

"మూడు చుట్లు చుట్టు."

"రెండే వస్తున్నాయి."

"సరే, కొస మాత్రం లోపలికి మడువు. ఆయన చెయ్యి పెడితే గీసుకుంటుంది."

మడిచాను. మూత బిగించాను. గాలి ఆగిపోయింది. అత్తయ్య బూట్లు తొడుక్కుని, కాళ్ళు మళ్ళీ పెట్టెలో పెట్టుకుంది.

మామయ్య గేటు దగ్గరే నిలబడి ఉన్నారు, ఎప్పటిలాగే. కారు ఆగగానే తలుపు తీసి ముందు ఆమె కాళ్ళ దగ్గర అరచెయ్యి పెట్టారు. ఇంజను ఇంకా ఆపలేదు నేను.

"ఇవాళేమైనా వచ్చిందా ఓనరమ్మా?"

"ఏదీ? ఎప్పటిలాగే," అంది అత్తయ్య.

ఆయన భుజాలు దిగాయి. ఇంతకాలం అది నిరాశ అనుకున్నాను నేను. కాదని ఆ రోజే చూశాను.

"ఫ్యాను మోటారు చూడాలి," అన్నారు చెవి గోక్కుంటూ.

"చూడండి. తొందరేముంది," అంటూ ఆయన చెయ్యి పట్టుకుని దిగింది. ఇద్దరూ మెల్లగా లోపలికి నడిచారు. నేను కారులోనే కూర్చుని ఏడ్చాను. ఏడ్చి, మొహం తుడుచుకుని, షాపుకు ఆలస్యమవుతోందని గుర్తొచ్చి లేచాను. ఆ మధ్యాహ్నం నాకు దొరికిన మొదటి బేరం ఒక ముసలాయన, ఇంట్లో వేసుకునే మెత్తటి చెప్పులు కావాలన్నాడు. ఎవరికి అంటే మా ఆవిడకి అన్నాడు. సైజు తెలియదు, చేతులు చాచి ఇంత ఉంటాయన్నాడు. రోజూ అయితే విసుక్కునేదాన్ని. ఆ రోజు పన్నెండు జతలు దింపి చూపించాను.

ఫ్యాను మోటారుకు మూడు వారాలు పట్టింది. తర్వాత గాలిని మళ్ళించే ఏదో రేకు తలుపన్నారు, దానికి ఇంకో రెండు. క్యాంటీన్ ఆవిడతో నేను స్నేహం చేసుకున్నాను, నీళ్ళు మరిగించి మరీ ఇచ్చేది. సంచికి నేనొక ఉన్ని తొడుగు కుట్టించాక ఇల్లు చేరేదాకా వేడి నిలిచేది. అత్తయ్యకు మంచి రోజులూ చెడ్డ రోజులూ వస్తూ పోయాయి. ఎల్లుండి తర్వాతి మాట మాత్రం ఆ చలికాలమంతా ఆమె నోట రాలేదు. కొత్త స్వెటరు కొందామంటే "ఉన్నవి చాలు" అనేది. పెరట్లో ఖాళీ కుండీలు కనిపిస్తే మొహం తిప్పుకునేది.

ఒక సోమవారం పొద్దున అద్దం మీద మంచు లేదు. గీకడానికి ఎత్తిన చేత్తో ఊరికే తుడిచాను. తిరిగి వచ్చేటప్పుడు అత్తయ్య కిటికీ దించమంది. మామయ్య గేటు దగ్గర కోటు లేకుండా నిలబడి ఉన్నారు. తలుపు తీసి, అలవాటుగా చెయ్యి కిందికి పెట్టి, తీసేశారు.

"ఎండలు వచ్చేస్తున్నాయి," అన్నారు. "ఇప్పుడిక హీటరు విప్పి లాభం లేదు. వేడి వస్తోందో లేదో తెలియను కూడా తెలియదు. వచ్చే చలికాలానికి చూద్దామా?"

ఆయన చెయ్యి చెవి దాకా వెళ్ళింది గాని గోక్కోలేదు. అక్కడే ఆగింది.

అత్తయ్య పెట్టెలోంచి కాళ్ళు తీసి, పెట్టెను ఆయన చేతికి అందించింది.

"వచ్చే చలికాలానికా?" అంది.

"అవును."

"అందాకా నేను వెళ్తూనే ఉండాలన్నమాట."

"మాటంటే మాటే కదా."

"దీన్ని ఎలకలు కొట్టకుండా పైన పెట్టండి మేస్త్రీగారూ. మళ్ళీ కావాలిగా." దిగి, శాలువా భుజం మీద వేసుకుని, నాలుగడుగులు వేసి ఆగింది. "ఆ కుండీలు అలా ఎండబెట్టారేం? మట్టి తిరగెయ్యండి. చామంతి ఇప్పుడు వేస్తేనే చలికాలానికి పూస్తుంది."

ఆమె మెట్లెక్కి లోపలికి వెళ్ళేదాకా మామయ్య అక్కడే నిలబడ్డారు, పెట్టెను రెండు చేతులా గుండెకు ఆనించుకుని. ఆ మసక కళ్ళకు ఆమె ఎంతవరకు కనిపించిందో నాకు తెలియదు. తలుపు మూసుకున్న చప్పుడయ్యాక నా వైపు కిటికీ దగ్గరికి వచ్చారు.

"అమ్మాయ్," అన్నారు, ఎటో చూస్తూ. "కొస లోపలికి బాగానే మడిచావు. కానీ రెండే చుట్టావు. రోడ్డు కుదుపులకు ఊడిపోతుంది. మూడు చుట్టాలి."

"సరే మామయ్యా," అన్నాను.